అడగనివాళ్ళ వంతు

చేయవలసిన పనులు, రాసుకున్న వరుసలో:

ఒకటి. మూడు బైండు పుస్తకాలూ తడవకుండా చుట్టాలి.
రెండు. ఏడుంబావు కోదాడ బస్సు.
మూడు. నో డ్యూస్ కాగితం మీద లైబ్రరీ వాళ్ళ సంతకం.
నాలుగు. పరీక్ష చేయడానికి బయటినుంచి వచ్చే సారుకు ఫ్లాస్కులో టీ, ఉప్పు బిస్కెట్లు. చక్కెర వద్దని మేడమ్ రెండుసార్లు చెప్పింది.
ఐదు. వచ్చేటప్పుడు నాయిన బీపీ గోలీలు.
ఆరు. పెన్‌డ్రైవ్ టీ సంచిలో కాదు, హ్యాండ్‌బ్యాగులో.
ఏడు. నలభై ఒకటో పేజీ.

మొదటి ఆరింటికీ పక్కన టిక్కులు పడ్డాయి, లేదా సాయంత్రానికి పడతాయి. ఏడోదానికి ఎదురుగా ఏం చేయాలో కూడా ఉషారాణి రాసుకోలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టికెట్టుతో పాటు పిడికిట్లో పట్టుకుని, మిర్యాలగూడ నుంచి వచ్చిన పల్లెవెలుగు బస్సు నేరేడుచర్లలో ఆగి ఉంటే కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఇక్కడినుంచి కోదాడ ఇంకో గంట. పదకొండింటికి ఎం.టెక్ వైవా. ఒళ్ళో పుస్తకాలు, కాళ్ళ మధ్య ఫ్లాస్కు, కిటికీ అద్దం సగం వరకే మూసుకోవడం వల్ల భుజం మీద సన్నటి తుంపర. ఈ గంటలో ఆ ఏడో పని ఎదుట ఏదో ఒకటి రాయాలి, రాయకపోయినా ఏదో ఒకటి అవుతుంది, అదే ఆమెకు భయంగా ఉంది, తను ఊరుకుంటే కూడా అది తను చేసినట్టే అవుతుందని. ఫోను మోగింది. లక్ష్మీకాంతమ్మ మేడమ్, ఆమె గైడు. కోదాడావిడ. గొంతులో ఎప్పుడూ కొంచెం నిద్ర చాలనట్టు ఉంటుంది.

"బయల్దేరావా అమ్మా?"

"నేరేడుచర్లల ఉన్న మేడమ్."

"ఫ్లాస్కు తెచ్చావుగా? సరే. నిన్న చెప్పిందే మళ్ళీ చెబుతున్నా, విను. ఆ లైను సంగతి నువ్వెత్తకు. ఆయన రెండింటి బస్సుకి వెళ్ళిపోవాలి. ప్రోగ్రాము ఎవరూ చదవరు, గ్రాఫులు చూస్తారు. నెలాఖరులోగా నీ ఎం.టెక్ కాగితం పాలిటెక్నిక్‌లో ఇవ్వాలా, వద్దా?"

"ఇయ్యాలె మేడమ్."

"మరి? బాగున్నవాటిని కెలక్కు. జాగ్రత్తగా రా. గొడుగు తెచ్చుకున్నావా?"

గొడుగు తేలేదు. పుస్తకాలకు ప్లాస్టిక్ చుట్టింది, తనకే ఏమీ తేలేదు. మిర్యాలగూడ పాలిటెక్నిక్‌లో మూడేళ్ళుగా పాఠం చెబుతోంది, ఏడాదికొకసారి కాగితం కొత్తగా రాసే ఉద్యోగం. ఈ నెలాఖరుకు ఎం.టెక్ అయినట్టు చూపిస్తే నిలబెడతామన్నారు, లేకపోతే ఆ కుర్చీలోకి సూర్యాపేట నుంచి ఎవరో రావడానికి సిద్ధంగా ఉన్నారు. ఇంట్లో ఆ సంగతి అమ్మకు తెలుసు. నాయినకు చెప్పలేదు, చెబితే ఆయన ఏమీ అనడు, మళ్ళీ పనికి పోవడం మొదలుపెడతాడు. మేడమ్ చెడ్డ సలహా ఇచ్చే మనిషి కాదు. ఇంటినుంచి ఆవకాయ తెచ్చి లాబ్‌లో అన్నం పెట్టిన మనిషి. బీరువాలో పడి ఉన్న పదహారు ఇళ్ళ లెక్కను ఉషారాణి చేతిలో పెట్టి, ఇది చెయ్యి, నీకొస్తుంది అన్న మనిషి.

పదహారు ఇళ్ళ లెక్క అని వాళ్ళిద్దరి మధ్య పేరు. టెలిఫోను ఆఫీసునుంచి ఊరికి ఒక గాజుతీగ వస్తుంది, ఇంటర్నెట్టు మోసేది, వెంట్రుకంత సన్నం. ఊరి మొగదల స్తంభానికి కట్టిన డబ్బాలో అది పదహారు తీగలవుతుంది. ఆ డబ్బాకు కరెంటు అక్కర్లేదు, దానికి తిండీ తిప్పలూ ఏమీ లేవు, అందుకే ఉషారాణికి అదంటే ముచ్చట. ఆఫీసు మాట్లాడితే పదహారు ఇళ్ళకూ వినపడుతుంది. ఇళ్ళు తిరిగి మాట్లాడాలంటేనే చిక్కు. ఇద్దరు ఒకేసారి వెలుగు పంపితే ఆ ఒక్క తీగలో రెండూ కలిసిపోయి ఎవరి మాటా తెలియదు. కాబట్టి ఆఫీసులోని పెట్టె ఒక్కో ఇంటికి వంతు వేస్తుంది, ఇప్పుడు నువ్వు, ఇంతసేపు అని. అందరికీ సమానంగా వేస్తే పని లేనివాడి వంతు ఖాళీగా పోతుంది, పని మీదున్నవాడు వాకిట్లో నిలబడతాడు. అందుకని ప్రతి ఇల్లూ తన వంతు ముగిసేముందు, నా దగ్గర ఇంకా ఇంత మిగిలింది అని ఒక చీటీ పంపుతుంది. పెట్టె చీటీలు చూసి తర్వాతి వంతులు కొలుస్తుంది, మళ్ళీ చీటీలు, మళ్ళీ వంతులు. కన్ను ఒకసారి ఆర్పేలోపు ఇలాంటి చుట్లు వంద దాకా తిరుగుతాయి. నలభై ఒకటో పేజీలో ఉషారాణి రాసింది ఒకటే మాట: ఎంత అడిగితే అంత, ఒక హద్దు వరకు.

ప్రోగ్రాములో ఉన్నది అది కాదు. మొన్న సాయంత్రం పుస్తకం చివర అతికించిన ప్రోగ్రాము కాగితాలకు పేజీ నంబర్లు వేస్తుంటే కనపడింది. చీటీలో సున్నా అని వస్తే, ఆ ఇంటికి సున్నా కాదు, కొంచెం ఇవ్వు. చీటీ పంపుకోవడానికి కావలసినంత ఎలాగూ ఇస్తారు, దాని పైన ఇంకొంచెం. ఒక్క లైను. ఏమీ వద్దన్నవాడికి ఎందుకు ఇవ్వడం? యంత్రానికి సిగ్గు ఉండదు, మొహమాటం ఉండదు, సున్నా అంటే సున్నాయే. చూడగానే ఆమె నంబర్లు వేయడం ఆపేసింది. ఎందుకంటే మార్చిలో గ్రాఫులు గీసినప్పుడు మేడమ్ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చూసింది, చిన్న ఇళ్ళు, అప్పుడప్పుడూ మాత్రమే ఒక మాట పంపే ఇళ్ళు ఎదురుచూసే సమయం మూడింట ఒక వంతుకు పడిపోయింది. ఎలా వచ్చిందమ్మా ఇది అని మేడమ్ అడిగితే, ఏమో మేడమ్, వచ్చింది అంది. నిజంగానే తెలియదు. ఇప్పుడు తెలిసింది. చీటీ పంపిన మరుక్షణం ఆ ఇంటికి ఒక మాట వస్తే, అది తర్వాతి వంతులో చీటీ రాసి, ఆపై వంతులో గాని బయటపడదు. ఆ అడగని కొంచెం ఉండడం వల్ల ముందే దాటిపోతోంది. మంచిదే. కానీ పుస్తకంలో ఒకటి రాసి, ప్రోగ్రాములో ఇంకోటి చేసి, గ్రాఫు చూపిస్తే దాన్ని ఏమంటారు. రేపు ఎక్కడో ఎవరో పిల్ల, తనలాగే ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్ల, నలభై ఒకటో పేజీ నమ్మి చేసుకుంటే ఆ గ్రాఫు ఆమెకు రాదు. తనకే తెలివి లేదనుకుంటుంది. ఉషారాణి అలా చాలాసార్లు అనుకుంది.

బస్సు కదిలింది. రైసుమిల్లుల గొట్టాలు వెనక్కి పోయాయి, ఊక వాసన కొంతదూరం వెంట వచ్చి ఆగిపోయింది. సాగర్ కాలువకు నీళ్ళు వదిలి పదిరోజులు, రోడ్డుకు రెండువైపులా దమ్ము చేసిన మళ్ళు, నీళ్ళలో మబ్బులు, మబ్బుల్లో వంగిన ఆడవాళ్ళు. తలల మీద వానకు యూరియా సంచుల కొప్పెరలు. ఒక మడిలో నాటేవాళ్ళ మునుం సగం దాటింది, పన్నెండు మంది వరసగా, ముందుకు చూస్తూ వెనక్కి నడుస్తూ. గట్టు మీద ఒకాయన నారు కట్ట ఎత్తి విసిరాడు. బస్సు దాటిపోయింది కాబట్టి అది ఎక్కడ పడిందో కనపడలేదు. పడే ఉంటుంది. నాయిన అయితే చూడకుండానే చెప్పేవాడు, చెయ్యి తిరిగిన తీరు బట్టి.

త్రిపురారం మత్తయ్య అంటే నారు విసరడానికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి పిలిచేవాళ్ళు. అదొక పనా అంటారు తెలియనివాళ్ళు. నాటేవాళ్ళకు తమ వెనక ఏముందో కనపడదు. చేతిలో కట్ట అయిపోయి చెయ్యి వెనక్కి చాపితే అక్కడ ఇంకోటి ఉండాలి. ఉంటే పని ఆగదు. లేకపోతే నడుం ఎత్తి నిలబడాలి, నిలబడ్డాక మళ్ళీ వంగడం ఎంత కష్టమో ఆ నడుముకు తెలుసు, గట్టు మీదివాళ్ళకు తెలియదు. కొందరు పొద్దున్నే మడంతా సమానంగా కట్టలు పరిచేసి చెట్టు కింద కూర్చుంటారు. మధ్యాహ్నానికి ఒకచోట నారు మిగిలి వాడిపోతుంది, ఇంకోచోట కేకలు. నాయిన పరిచేవాడు కాదు. గట్టు వెంట అటూ ఇటూ నడుస్తూనే ఉండేవాడు, ఎవరి చేతిలో ఎన్ని పోచలున్నాయి, ఎవరు మాటల్లో పడ్డారు, ఎవరు పసిబిడ్డ తల్లి, దూరంగా ఉన్నవాళ్ళకు కొంచెం ముందుగా. నిరుడు ఒక ఆదివారం ప్రార్థన అయి వచ్చాక, ఆయన పగ్గం పేనుతూ, నువ్వు చదివేది ఏంది బిడ్డా అసలు అని అడిగితే, తీగ, డబ్బా, పదహారు ఇళ్ళు, చీటీలు అన్నీ నేల మీద పుల్లతో గీసి చెప్పింది. ఆయన పగ్గం పక్కన పెట్టి గీతల మీదికి వంగాడు.

"అంటే నారు ఇసురుడే గదా."

అమ్మ మరియమ్మ లోపలినుంచి నవ్వింది. "మీ నాయినకు సదువు లేకపాయె గని, లేకుంటె ఆయననే మీ మేడమ్ కుర్సీల కూసుండబెడుదురు."

"ఊకో," అన్నాడు నాయిన. తర్వాత పుల్ల తీసుకుని పదహారో ఇంటి దగ్గర నేల మీద తట్టాడు. "కేకేసినోళ్ళకు ఇసురుడు పెద్ద పని కాదు బిడ్డా. గీ కేకెయ్యనోళ్ళను సూడాలె."

అప్పుడు ఆమె నవ్వి, యంత్రాలు నాయినా, మనుషులు కాదు అంది. అన్నది గానీ ఎవరు గుర్తొచ్చి ఆయన ఆ మాట అన్నాడో ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు.

రంగి. మునుం చివర, కాలువ వైపు, ఎప్పుడూ అక్కడే ఉండేది. ఉషారాణి రంగవ్వ అని పిలిచేది, చుట్టరికం ఏమీ లేదు. అరవై దాటిన మనిషి, వేళ్ళ కణుపులు వాచి చెరుకు గడల్లా ఉండేవి. నాట్లలో ఆమె నారు కావాలని కేకేయడం ఎవరూ వినలేదు. ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకుని, వచ్చింది మునుంలో అందరూ సమానంగా తీసుకుంటారు కాబట్టి, చెయ్యి నెమ్మదైనవాళ్ళు మిగతావాళ్ళ కళ్ళలో పడతారు. కేకేస్తే అందరూ తలెత్తి చూస్తారు. అందుకని కట్ట అయిపోతే రంగవ్వ నిలబడేది కాదు, ఉన్న నాలుగు పోచలనే ఎడమెడమగా గుచ్చుకుంటూ పోయేది. నాయిన అది ఎప్పుడో కనిపెట్టాడు. ఆమె చెయ్యి ఖాళీ కాకముందే ఒక కట్ట, మరీ పక్కన కాదు, రెండడుగుల వెనక, బురద మొహం మీదికి చిందకుండా. ఎవరూ గమనించేవాళ్ళు కాదు. మీ నాయిన కట్ట ఇసిరితె నీళ్ళకు గూడ తెల్వదు అనేది రంగవ్వ, అన్నం మూట విప్పుకుంటూ. అంతవరకే అనేది. అంతకు మించి ఆమె ఎవరి గురించీ మంచీ చెడ్డా మాట్లాడగా ఉషారాణి వినలేదు.

రెండువేల అయిదు, ఆగస్టు. ఇంటర్ రెండో సంవత్సరం. నాయినకు జ్వరం. ఆ రోజు ఒక ఆసామి ఏడెకరాలు, నారు పీకి పెట్టేశారు, ఆగడానికి లేదు. ముఠాకు పెద్ద సుగుణమ్మ వాకిట్లోకి వచ్చి, పిల్ల లెక్కల్ల ఫస్టట గదా, ఇసరనీ అంది. ఉషారాణి వెళ్ళింది. తనకు పద్ధతి ఉంది. నాయినలాగా ఊరికే అటూ ఇటూ తిరగడం ఎందుకు, ఎవరు ముందు కేకేస్తే వాళ్ళకు ముందు, ఎన్ని కేకలకు అన్ని కట్టలు, ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. మధ్యాహ్నం వరకు భుజం గుంజినా ఎంత హుషారుగా ఉందో, అయ్యకన్న నువ్వే నయమే పిల్లా అని అంటుంటే. ఇప్పుడు బస్సులో కూర్చుని ఆ హుషారు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. పొద్దు వాలేవేళకు ఆసామి గొడుగేసుకుని వచ్చాడు. గట్టంతా తిరిగి కాలువ మూల ఆగాడు.

"ఈ మూల ఎవరేసిన్రే? బట్టతల లెక్కున్నది."

ఆడవాళ్ళు నవ్వారు. ఉషారాణికి కూడా నవ్వొచ్చింది, వచ్చి, అటు చూసింది. రంగవ్వ చేతిలో పోచ లేదు. ఆమె వెనక నీళ్ళలో ఒక్క కట్ట లేదు. పొద్దున్నుంచీ అటువైపు ఎన్ని వేసింది తను? మూడో, నాలుగో. నేనే ఏసిన అయ్యా అంది రంగవ్వ, కట్ట రాలేదని అనలేదు, పిల్ల వేయలేదని అనలేదు. గట్టెక్కాక సుగుణమ్మ, మెల్లగానే, అందరి ముందూ కాకుండానే, "రేపటికెళ్ళి రాకు రంగీ, పెద్దదానివైనవ్. గుత్త గదా, నన్నంటరు," అంది. రంగవ్వ తల ఊపింది. ఉషారాణి రెండు చేతుల్లో రెండు కట్టలు పట్టుకుని నిలబడి ఉంది, వేర్లనుంచి నీళ్ళు కారి పాదాల మీద పడుతున్నాయి. రంగవ్వ దగ్గరికి వచ్చి ఆ రెండు కట్టలూ తీసుకుని గట్టు మీద పెట్టి, ఆమె కుడి భుజం వాచిన వేళ్ళతో ఒకసారి పిసికింది.

"బాగనే ఇసిరినవ్ బిడ్డా. చెయ్యి గుంజుతున్నదా?"

ఇంటికొచ్చి నాయినకు చెబితే ఆయన కోపపడలేదు. అడిగినోళ్ళకే ఏసినవా అని ఒక్కటే అన్నాడు. దుప్పటి కప్పుకుని అటు తిరిగాడు. ఆ తర్వాత రంగవ్వ మిర్యాలగూడలో ఒక మిల్లు కల్లంలో ధాన్యం ఊడ్చే పనికి కుదిరింది, అక్కడే రేకుల కొట్టంలో ఉండేది. మరుసటి ఏడు ఉషారాణి ఇంజనీరింగులో చేరడానికి సూర్యాపేట బస్సు కోసం మిర్యాలగూడ స్టాండులో నిలబడితే, వాన కొడుతుంటే, ఎవరు చెప్పారో, ఆమె తడుస్తూ వచ్చింది. చంకలో యూరియా సంచి లోపలి ప్లాస్టిక్, కడిగి ఆరబెట్టి మడిచినది. "సర్టిపికెట్లు తడిస్తె ఆరబెట్టుకోవచ్చు గని అక్షరాలు వాపసు రావు," అంటూ తనే ఫైలు లాక్కుని చుట్టింది, నాట్లలో కొప్పెర కట్టినట్టు, ఒక మూల లోపలికి దోపి. ఆ మూలను ఇప్పుడు ఉషారాణి వేలితో తడుముతోంది. ఏడేళ్ళ మడతలకు ప్లాస్టిక్ తెల్లగా గీతలు పడింది. సూర్యాపేటలో నాలుగేళ్ళు సర్టిఫికెట్లు ఇందులోనే, ఎం.టెక్‌లో చేరినప్పుడు ఇందులోనే, ఇవాళ మూడు బైండు పుస్తకాలూ ఇందులోనే. ఇది తెచ్చుకోవాలని కాగితం మీద రాసుకోలేదు. చెయ్యి దానంతటదే తీసుకుంది.

చెయ్యి దానంతటదే. ఆ మాట దగ్గర ఆమె మనసు ఆగింది. పాలిటెక్నిక్‌లో చేరాక నెలకోసారి, జీతం రోజున, మిల్లు దగ్గరికి పోయేది. ఏమన్న కావాల్నా అవ్వా? ఏమొద్దు బిడ్డా. చెద్దరు గిట్ల తేవాల్నా? ఉన్నది. దవాఖానకు పోదామా? ఎందుకు, మంచిగనే ఉన్న. ప్రతి నెలా అదే చీటీ. సున్నా, సున్నా, సున్నా. తను అది తీసుకుని, సరే అవ్వా, ఏమన్న ఉంటే చెప్పు అని తిరిగొచ్చేది. ఈ ఫిబ్రవరిలో మిల్లు వాచ్‌మన్ బీరన్న ఫోను చేశాడు. రంగి పోయిందక్కా. పదిరోజుల జ్వరం. నాకు చెప్పలేదేంది అన్నా అంటే, "అడిగితె ఏమొద్దు, ఏమొద్దంటుండె. మేము గూడ నిజమే అనుకున్నం," అన్నాడు. నాయినా అమ్మా త్రిపురారం నుంచి వచ్చారు. పొద్దున పదింటికల్లా అంతా అయిపోయింది. నాయిన గుంత పక్కన చేతులు కట్టుకుని నిలబడి, అందరూ వేసిన తర్వాత ఒక్క పిడికెడు మట్టి తీసి చప్పుడు కాకుండా వేశాడు. మధ్యాహ్నం తను కోదాడ కాలేజీకి వచ్చేసింది, మర్నాటికి మేడమ్‌కు ప్రోగ్రాము చూపించాలి, ఏడవడానికి చోటు లేక లాబ్‌లో కూర్చుంది.

అది ఏ తారీకు.

మూల విప్పి, పై పుస్తకం తీసి, చివరి పేజీలు తిరగేసింది. ప్రోగ్రాము కాగితాల తలకట్టులో ప్రతి భాగానికీ అది చివరిసారి మార్చిన రోజూ వేళా అచ్చవుతాయి. ప్రతి లైను పైనా తను ఇది ఎందుకో ఇంగ్లీషులో రాసిపెట్టుకుంటుంది, ఇంట్లో అడగడానికి ఎవరూ లేనివాళ్ళకు అలవాటయ్యే జాగ్రత్త అది. ఈ ఒక్క లైను పైన ఏమీ లేదు. తలకట్టులో ఫిబ్రవరి పంతొమ్మిది, మధ్యాహ్నం మూడూ నలభై. రంగవ్వను మట్టిలో పెట్టిన రోజు. ఉషారాణి ఆ అంకెల మీద బొటనవేలు పెట్టి కిటికీ బయటికి చూసింది. బయట మళ్ళు, నీళ్ళు, ఇంకో మునుం, ఇంకో గట్టు. కళ్ళు తుడుచుకోలేదు, తుంపర ఎలాగూ పడుతోంది. పరాకున పడిన తప్పు అనుకుంది ఈ రెండు రోజులూ. తప్పే. కానీ వేసిన చెయ్యి ఎవరిదో, ఎనిమిదేళ్ళు ఆలస్యంగా ఎటువైపు వేసిందో ఇప్పుడు తెలిసింది.

హుజూర్‌నగర్‌లో జనం కిక్కిరిసి ఎక్కారు. నెత్తిన గంపతో ఒక ముసలామె ఆమె సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది, ఎవరి వంకా చూడకుండా. ఉషారాణి గబుక్కున లేచింది.

"కూసో అవ్వా."

"నాకొద్దు బిడ్డా."

"పర్వాలే, కూసో. నేను నిలబడ్త."

"అరే, నేను దిగేది గీ మూల మలుపుకే. గంప దింపి మళ్ళ ఎత్తుకోవాల్నా? నిన్నెవరన్న అడిగిన్రా?"

ఇద్దరూ అలా ఒకరికొకరు చెప్పుకుంటుండగానే వెనకనుంచి ఒక భారీ మనిషి, భుజం మీద గొంగడి, సారీ తల్లీ మోకాళ్ళ నొప్పి అంటూ ఆ సీట్లో కూర్చుండిపోయాడు. గంప ముసలామె మలుపులో దిగిపోతూ ఉషారాణిని చూసి తల అడ్డంగా ఊపింది. ఉషారాణికి నవ్వొచ్చింది, కళ్ళు తడిగా ఉండగానే, పైకే. నిజమే, కొన్నిసార్లు సున్నా అంటే సున్నాయే. ఆ కొంచెం వృథా పోతుంది. నిన్న కూర్చుని అదీ లెక్క కట్టింది, నాలుగిళ్ళకు బాగా పని ఉండి మిగతా పన్నెండూ ఖాళీగా ఉన్నప్పుడు, ఆ నాలుగిళ్ళ వంతు నూటికి నాలుగు పాళ్ళు తగ్గుతుంది. అదీ చెప్పాలి. మంచి ఒకటే చెప్పి ఇది దాస్తే మళ్ళీ అదే పని. గొంగడాయన ఆమె చేతుల్లోని మూట వంక చూశాడు. "అవి ఇటియ్యి బిడ్డా, నేను పట్టుకుంట. నిలబడి మొయ్యలేవు." ఆమె అడగలేదు. ఇచ్చింది. ఆయన మూడు పుస్తకాలనూ మోకాళ్ళ మీద పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుని, కిటికీ తుంపర తగలకుండా గొంగడి కొస పైన కప్పి, కోదాడ దాకా కునికిపాట్లు పడుతూనే పట్టుకున్నాడు.

కోదాడ స్టాండులో దిగేసరికి తొమ్మిదీ నలభై అయిదు. సిమెంటు బల్ల మీద ప్లాస్టిక్ పరిచి, పుస్తకాలు మూడూ దాని మీద పెట్టి, పెన్ను మూత తీశాక మేడమ్‌కు ఫోను చేసింది.

"మేడమ్, నేనే చెప్త సారుకు. ఆయన అడగకముందే. పుస్తకంల గూడ రాస్తున్న."

అవతల కుక్కర్ కూత వినపడింది.

"వెనక్కి పంపితే మూడు నెలలు పడుతుంది, తెలుసుగా? ఉద్యోగం?"

"తెలుసు మేడమ్."

"పెన్నుతో రాస్తున్నావా?"

"అవును మేడమ్."

"కొట్టివేతలు లేకుండా రాయి. మూడింటిలోనూ ఒకేలా ఉండాలి." అవతల స్టవ్ ఆపిన చప్పుడు. "నేను పక్కనే కూర్చుంటాలే. నేను చూసి సంతకం పెట్టిన గ్రాఫే కదా అది."

ఉషారాణి మూడు పుస్తకాల్లోనూ నలభై ఒకటో పేజీ అంచున, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో రాసింది: పైన రాసినది సరికాదు. ఏమీ లేదన్నవారికి కూడా ప్రతి వంతులో కొంత ఇవ్వబడింది. గ్రాఫులు దానివల్లనే వచ్చాయి. దానికి అయ్యే ఖర్చు నూటికి నాలుగు. కింద సంతకం, తారీకు. ఏడో పని పక్కన టిక్కు పెట్టి కాగితం సంచిలో వేసుకుంది. ప్లాస్టిక్ చుట్టబోయి ఆగి, మొదటి పేజీల్లో కృతజ్ఞతలు అన్నచోటికి వచ్చింది. ప్రిన్సిపాలు, మేడమ్, లాబ్ వాళ్ళు, అమ్మ, నాయిన, అందరూ అచ్చులో ఉన్నారు. కింద అరచేతి మందం ఖాళీ ఉంది. అక్కడ, అంత ఇంగ్లీషు పుస్తకంలో, తెలుగులో, బడి పిల్ల కాపీ రాసినట్టు గుండ్రంగా, మూడుసార్లు, ఇలా రాసింది:

"ఈ పద్ధతి నాకు పుస్తకాల్లో దొరకలేదు. త్రిపురారం నాట్లలో మా నాయిన మత్తయ్య చేతిలో ఉంది. నేను ఒకరోజు దాన్ని పాటించనందువల్ల మునుం చివరి మనిషి పని పోయింది. ఆమె పేరు రంగి. ఇది చదివేవారు పేజీ తిప్పేముందు ఆమెను ఒకసారి తలచుకోండి. ఆమె అడగలేదు."